కాటుక రేకుల పొడ: రక్త స్కందన చరిత్రలో ఒక తెలుగు పాము

1796లో లండన్‌లో ఒక పెద్ద గ్రంథం అచ్చయింది. కోరమాండల్ తీరంలో సేకరించిన పాముల వర్ణనలూ, రంగులద్దిన బొమ్మలూ అందులో ఉన్నాయి. గ్రంథకర్త పాట్రిక్ రసెల్ అనే స్కాటిష్ వైద్యుడు. ఆ పాముల్లో చాలావాటికి అప్పటికి ఇంగ్లీషులో పేర్లు లేవు. అందుచేత రసెల్ తాను విన్న తెలుగు పేర్లనే, తన చెవికి తోచిన విధంగా, ఆంగ్ల లిపిలో రాసుకున్నాడు. అలా ఆ గ్రంథంలోకి ఎక్కిన పేర్లలో ఒకటి ‘కాటుక రేకుల పొడ’.

పొడ అంటే మచ్చ. అంచులకు కాటుక దిద్దినట్టున్న రేకుల వంటి మచ్చలు వెన్నుపొడుగునా వరుసగా ఉన్న పాము అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. మనం ఇప్పుడు రక్తపింజర అంటున్నది దానినే. తరువాతి ఏడాది, 1797లో, శాస్త్ర నామకరణం జరిగినప్పుడు ఆ పాముకు రసెల్ పేరే పెట్టారు. నాటినుంచి అది ప్రపంచానికి ‘రసెల్స్ వైపర్’ అయింది.

పేరు ఎలా మారినా, ఈ పాముకు వైద్యశాస్త్రంలో ఒక విశిష్టమైన స్థానం ఉంది. రక్తం ఎందుకు గడ్డకడుతుంది, గడ్డకట్టడం మొదలైనది ఎక్కడ ఆగాలో దానికి ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానాలు వెతికినవారికి ఇరవయ్యవ శతాబ్దంలో ఈ పాము విషం ఒక తాళంచెవిలా ఉపయోగపడింది. ఆ చరిత్రను ఈ వ్యాసంలో క్లుప్తంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

విశాఖపట్నంలో రసెల్

రసెల్ మొదట సిరియాలోని అలెప్పో నగరంలో ఆంగ్ల వర్తకుల వైద్యుడుగా పనిచేశాడు. అక్కడ 1760 ప్రాంతంలో వచ్చిన ప్లేగును దగ్గరగా చూసి, దానిమీద తరువాత ఒక గ్రంథం రాశాడు. 1781లో, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అయిన సోదరుడు క్లాడ్‌తో కలిసి విశాఖపట్నం వచ్చాడు. 1785లో కోయెనిగ్ మరణించాక కంపెనీ తరఫున ప్రకృతి శాస్త్రజ్ఞుడి పదవి ఆయనకు దక్కింది. 1789లో స్వదేశానికి వెళ్ళిపోయాడు. విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల గురించిన ఆయన గ్రంథం 1803లో వెలువడింది.

పాముల మీద ఆయన ఆసక్తి కేవలం వింత వస్తువుల సేకరణ కాదు. ఏ పాము విషపుది, ఏది కాదు అని సామాన్యుడు గుర్తుపట్టగలిగే లక్షణాలేమిటి? ఇది ఆయన ప్రశ్న. పొలుసుల అమరికను లెక్కపెట్టాడు. కోళ్ళనూ, కుక్కలనూ పాముల చేత కరిపించి, లక్షణాలను వేళతో సహా రాసిపెట్టాడు. పాముకాటుకు మందుగా అప్పట్లో పేరుపొందిన తంజావూరు మాత్రలను కూడా పరీక్షకు పెట్టాడు. నాగుపాము తరువాత అంత భయపడవలసినది కాటుక రేకుల పొడకేనని ఆయన తేల్చాడు.

ఆ పాములను పట్టి తెచ్చిన వారి పేర్లు మనకు తెలియవు. వారి భాష మాత్రం శాస్త్రంలో నిలిచిపోయింది. కట్లపాముల ప్రజాతికి ఇప్పటికీ ఉన్న శాస్త్రనామం ‘బుంగారస్’. అది రసెల్ రాసుకున్న ‘బంగారు పాము’ నుంచి వచ్చినదే.

పాఠ్యపుస్తకంలోని నాలుగు మాటలు

తెలుగు మాధ్యమంలో చదువుకున్న నా తరం వారికి ‘రక్త స్కందనం’ అన్న పాఠం గుర్తుండే ఉంటుంది. గాయమైనచోట రక్తఫలకికల నుంచి త్రాంబోకైనేజ్ వెలువడుతుంది. అది ప్రోత్రాంబిన్‌ను త్రాంబిన్‌గా మారుస్తుంది. త్రాంబిన్ ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాల వలలో రక్తకణాలు చిక్కుకుని గడ్డ ఏర్పడుతుంది. కాల్షియం తోడ్పడుతుంది. పరీక్షలో ఈ నాలుగు వాక్యాలూ రాస్తే మార్కులు వచ్చేవి.

దాదాపు ఇదే పథకాన్ని జర్మన్ వైద్యుడు పాల్ మొరావిట్స్ 1905లో ప్రతిపాదించాడు. అంటే మేము బడిలో చదువుకున్నది ఇంచుమించు 1905 నాటి విజ్ఞానం. అందుకు పాఠ్యపుస్తకాన్ని తప్పుపట్టనక్కరలేదు. అప్పటివరకు చెల్లాచెదురుగా ఉన్న పరిశీలనలను మొరావిట్స్ ఒక తీరుకు తెచ్చాడు. అంతకుముందే డార్పట్ నగరంలో అలెగ్జాండర్ ష్మిట్ త్రాంబిన్ ఉనికిని గుర్తించాడు. 1882లో బిజ్జొజెరో రక్తఫలకికల పాత్రను వివరించాడు. 1890లో ఆర్థస్, పాజెస్ కాల్షియం అవసరాన్ని నిరూపించారు.

అయితే ఈ పథకం ఒక రోగం ముందు నిస్సహాయంగా నిలబడింది. అది హీమోఫీలియా. ఈ రోగుల రక్తంలో ప్రోత్రాంబిన్ ఉంది, ఫైబ్రినోజన్ ఉంది, కాల్షియం ఉంది, రక్తఫలకికలూ ఉన్నాయి. అయినా ఒక పన్ను ఊడబెరికితే రోజుల తరబడి నెత్తురు కారుతూనే ఉంటుంది. నాలుగు అంశాలూ ఉన్నప్పుడు లోపించినది ఏమిటి?

విషం ఇచ్చిన ఆధారం

పాము విషానికీ రక్తం గడ్డకట్టడానికీ సంబంధం ఉందని పద్ధెనిమిదో శతాబ్దంలోనే ఇటలీకి చెందిన ఫెలిచే ఫొంటానా గమనించాడు. 1893లో, ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న చార్లెస్ మార్టిన్ అక్కడి నల్లపాము విషాన్ని జంతువుల సిరల్లోకి ఎక్కించి ఒక విచిత్రం చూశాడు. విషం ఎక్కువగా, వేగంగా ఎక్కితే రక్తనాళాల్లోనే రక్తం గడ్డకట్టి జంతువు చనిపోతోంది. తక్కువగా ఎక్కితే, తొలుత కొద్దిసేపు గడ్డకట్టే గుణం పెరిగి, ఆ తరువాత రక్తం అసలు గడ్డకట్టకుండా పోతోంది. విషం ఒక్కటే, ఫలితాలు పరస్పర విరుద్ధం. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో బొంబాయిలో జార్జ్ లాంబ్ రక్తపింజర విషంతో చేసిన ప్రయోగాలలోనూ గడ్డకట్టించే గుణం స్పష్టంగా కనిపించింది.

ఈ పరిశీలనలను చికిత్సకు మళ్ళించినవాడు రాబర్ట్ గ్విన్ మాక్‌ఫార్లేన్. ఆయన లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రిలో పనిచేసిన యువ వైద్యుడు. లండన్ జంతుప్రదర్శనశాలలో సరీసృపాల పర్యవేక్షకుడైన బర్జెస్ బార్నెట్ ఆయనకు రకరకాల పాముల విషాలను సమకూర్చాడు. హీమోఫీలియా రోగుల రక్తం మీద ఒక్కొక్క విషాన్నీ పరీక్షిస్తే, అన్నిటికంటె బాగా పనిచేసినది రక్తపింజర విషం. పదివేల వంతులకు పలచన చేసినా హీమోఫీలియా రక్తాన్ని అది చకచకా గడ్డకట్టించింది. 1934లో ఇద్దరూ కలిసి ‘లాన్సెట్’ పత్రికలో ఈ ఫలితాలను ప్రకటించారు. బరోస్ వెల్‌కమ్ సంస్థ దానిని ‘స్టిప్‌వెన్’ అన్న పేరుతో మందుగా విడుదల చేసింది. పన్ను తీసినచోట ఆ ద్రావణంలో తడిపిన దూదిని అదిమిపెడితే నెత్తురు ఆగేది. పైపూతగా మాత్రమే వాడాలి. సిరలోకి ఎక్కిస్తే అది మళ్ళీ పాముకాటే.

ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. కాని మాక్‌ఫార్లేన్‌ను ఆ తరువాత మూడు దశాబ్దాలు వెంటాడిన ప్రశ్న వేరు. హీమోఫీలియా రక్తంలో లోపించినదేదో ఈ విషం సమకూరుస్తోందా? లేక లోపించిన ఆ మెట్టును దాటి నేరుగా తరువాతి మెట్టు మీద అడుగుపెడుతోందా?

పదవ కారకం

1940ల నుంచి 1950ల చివరిదాకా రక్త స్కందన శాస్త్రంలో కొత్త ‘కారకాలు’ ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. ప్రతి కారకం వెనుకా ఒక రోగి ఉన్నాడు. నాజీల ఆక్రమణలో ఉన్న నార్వేలో పాల్ ఓరెన్ ఒక స్త్రీ రక్తాన్ని పరిశీలించి అయిదవ కారకాన్ని కనుగొన్నాడు. 1952లో రోజ్‌మేరీ బిగ్స్, మాక్‌ఫార్లేన్, వారి సహచరులు హీమోఫీలియా ఒకే రోగం కాదని తేల్చారు. కొందరిలో ఎనిమిదవ కారకం లోపిస్తే, స్టీఫెన్ క్రిస్మస్ అనే బాలుడి వంటి మరికొందరిలో తొమ్మిదవది లోపించింది. 1956, 1957లలో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ విడివిడిగా పరిశీలించిన ఇద్దరు రోగులలో పదవ కారకం బయటపడింది. అందుకే దానికి వారిద్దరి పేర్లతో ‘స్టూవర్ట్–ప్రవర్ కారకం’ అన్న పేరు వచ్చింది.

ఈ వేరుచేయడంలో రక్తపింజర విషం గీటురాయిగా నిలిచింది. అమెరికా రోగికి ఏడవ కారకం లోపించిందని మొదట భావించారు. కాని ఏడవ కారకం లేని రక్తం కూడా రక్తపింజర విషం కలిపితే మామూలుగానే గడ్డకడుతుంది. ఈ రోగి రక్తం అలా గడ్డకట్టలేదు. కాబట్టి అతనిలో లోపించినది ఏడవది కాదు, మరేదో ఉంది.

1961లో మాక్‌ఫార్లేన్, మరుసటి ఏడాది ఎస్నూఫ్, విలియమ్స్ జరిపిన పరిశోధనలతో చిక్కుముడి విడిపోయింది. విషంలో ఒక ఎంజైమ్ ఉంది. అది పదవ కారకాన్ని ఒక నిర్దిష్టమైన చోట తెంపుతుంది. అంతవరకు నిద్రాణంగా ఉన్న పదవ కారకం ఆ తెగింపుతో తానే ఒక ఎంజైమ్ అవుతుంది. మామూలు శరీరంలో ఈ పని చేసేది ఎనిమిదవ, తొమ్మిదవ కారకాల జంట. హీమోఫీలియా రోగులలో లోపించినది ఆ జంటలో ఒకటి. విషం ఆ జంట అవసరం లేకుండానే పదవ కారకాన్ని మేల్కొలుపుతుంది. 1934 నాటి దూది ఎందుకు పనిచేసిందో అప్పటికి అర్థమైంది.

దీనినుంచి మరొక పెద్ద ఆలోచన పుట్టింది. ఒక కారకం నిద్రాణమైన ఎంజైమ్ అయితే, మిగిలినవీ అంతే కావచ్చు గదా! మేల్కొన్న ప్రతి ఎంజైమ్ తరువాతి దానిని మేల్కొలుపుతుంది. ఒక్కొక్క అణువు తన తరువాతి మెట్టులో అనేక అణువులను మేల్కొలుపుతుంది కాబట్టి పై మెట్టులోని కొద్దిపాటి కదలిక కిందికి వచ్చేసరికి వెల్లువ అవుతుంది. 1964లో మాక్‌ఫార్లేన్ ‘నేచర్’ పత్రికలో దీనిని ఎంజైముల సోపానంగా వర్ణించాడు. అదే సంవత్సరం కొద్ది నెలల తేడాతో అమెరికాలో ఎర్ల్ డేవీ, ఆస్కార్ రాట్నాఫ్ ‘సైన్స్’ పత్రికలో దీనినే జలపాతంతో పోల్చారు.

గాజునాళికలో ఒకటి, దేహంలో ఒకటి

జలపాతం మంచి పోలికే. కాని పూర్తి నిజం కాదు. అందుకు సాక్ష్యం జాన్ హేగ్‌మన్ అనే రైల్వే ఉద్యోగి. 1955లో రాట్నాఫ్ పరిశీలించిన ఈయన రక్తం గాజునాళికలో ఎంతకూ గడ్డకట్టేది కాదు. జలపాతంలో అన్నిటికంటె పైన ఉన్న పన్నెండవ కారకం ఆయనలో లేదు. అయినా జీవితంలో ఆయనకు అధిక రక్తస్రావం జరగలేదు. కొన్నేళ్ళ తరువాత ప్రమాదంలో ఎముక విరిగి మంచం పట్టి, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఆయన మరణించాడు. రక్తం గడ్డకట్టదని పేరుపడిన మనిషి గడ్డ వల్లనే పోయాడు.

పన్నెండవ కారకాన్ని మేల్కొలిపేది గాజు. దేహంలో గాజు లేదు. గాయమైనప్పుడు నిజంగా మొదటి అడుగు వేసేది రక్తనాళపు గోడ వెనుక ఉండే టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్. అది రక్తంలోని ఏడవ కారకంతో కలిసి పదవ కారకాన్నే కాక, తొమ్మిదవ కారకాన్ని కూడా మేల్కొలుపుతుందని 1977లో ఓస్టెరూడ్, రాపపోర్ట్ చూపారు. హీమోఫీలియాలో రక్తస్రావం ఎందుకంత తీవ్రమో దీనితో మరింత స్పష్టమైంది.

ఇక రెండవ ప్రశ్న. వెల్లువలా సాగే ఈ క్రియ దేహమంతా ఎందుకు పాకదు? దీనికి దేహం మూడు విధాల కట్టుదిట్టం చేసుకుంది. మొదటిది చోటు. ఈ ఎంజైములు తమ పూర్తి శక్తితో పనిచేయాలంటే గాయం దగ్గర చేరిన రక్తఫలకికల ఉపరితలం కావాలి. ప్రవాహంలో కొట్టుకుపోయిన ఎంజైమ్ బలహీనమవుతుంది. రెండవది పగ్గం. యాంటీత్రాంబిన్ అనే ప్రోటీన్ త్రాంబిన్‌నూ పదవ కారకాన్నీ పట్టి నిర్వీర్యం చేస్తుంది. పుట్టుకతో ఇది తక్కువగా ఉన్న ఒక నార్వే కుటుంబంలో పదేపదే గడ్డలు ఏర్పడటాన్ని ఎగెబెర్గ్ 1965లో వివరించాడు. త్రాంబిన్ కథ ఇంకా విచిత్రమైనది. గాయం దగ్గర గడ్డను పెంచే త్రాంబిన్, ఆరోగ్యంగా ఉన్న నాళపు గోడను తాకగానే పక్షం మారుస్తుంది. అక్కడి థ్రాంబోమాడ్యులిన్‌తో కలిసి ప్రోటీన్-సి అనే మరో పగ్గాన్ని బిగిస్తుంది. మూడవది శుభ్రం చేసే పని. గాయం మానుతుండగా ప్లాస్మిన్ అనే ఎంజైమ్ ఫైబ్రిన్ దారాలను కరిగించివేస్తుంది.

రక్తపింజర కాటు ఈ మూడు కట్టుబాట్లనూ ఒక్కసారిగా తప్పిస్తుంది. విషానికి గాయపు చోటుతో నిమిత్తం లేదు. పదవ కారకాన్నీ అయిదవ కారకాన్నీ రక్తప్రవాహంలో ఎక్కడపడితే అక్కడ మేల్కొలుపుతుంది. దేహమంతా సన్నగా ఫైబ్రిన్ ఏర్పడుతూ ఉంటుంది, ప్లాస్మిన్ దానిని కరిగిస్తూ ఉంటుంది. కొద్ది గంటలలో ఫైబ్రినోజన్ నిల్వ అడుగంటుతుంది. ఇక నిజంగా గాయమైనచోట గడ్డ కట్టడానికి ముడిసరుకు మిగలదు. చిగుళ్ళనుంచి, మూత్రంలో, ఒక్కొక్కసారి మెదడులో రక్తస్రావం జరుగుతుంది. గడ్డకట్టించే విషమే రక్తాన్ని గడ్డకట్టకుండా చేస్తుంది. మార్టిన్ 1893లో చూసిన వైరుధ్యానికి వివరణ ఇదే. మన జనం పెట్టుకున్న ‘రక్తపింజర’ అన్న పేరులోనూ ఈ రక్తమే ఉంది.

ప్రయోగశాలలో రక్తపింజర

ఈ వైరుధ్యానికి అద్దంలో ప్రతిబింబం వంటిది మరొకటి ఉంది. లూపస్ వంటి రోగాలు ఉన్న కొందరిలో, ఏ రోగమూ లేని మరికొందరిలో, ఒక రకం ప్రతిరక్షకాలు తయారవుతాయి. గాజునాళికలో అవి రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. అందుకే వాటికి 1972లో ‘లూపస్ యాంటీకోయాగులెంట్’ అన్న పేరు వచ్చింది. కాని అవి ఉన్న మనుషులలో జరిగేది దానికి వ్యతిరేకం. కాళ్ళ సిరలలో గడ్డలు, చిన్న వయసులో పక్షవాతం, పదేపదే గర్భస్రావాలు. ‘మీ రక్తం ప్రయోగశాలలో ఆలస్యంగా గడ్డకడుతోంది కాబట్టి గడ్డకట్టకుండా మందు వాడాలి’ అని చెబితే రోగి తెల్లబోవడం సహజం.

ఈ ప్రతిరక్షకాలను పట్టుకోవడానికి 1986లో త్యాగరాజన్, పెంగో, షపీరో ఒక పరీక్షను ప్రకటించారు. అందులో వాడేది బాగా పలచన చేసిన రక్తపింజర విషం. అది నేరుగా పదవ కారకాన్ని మేల్కొలుపుతుంది కాబట్టి పై మెట్లలోని లోపాలు లెక్కలోకి రావు. ఇక మిగిలిన పనికి ఫాస్ఫోలిపిడ్ ఉపరితలం కావాలి. ప్రతిరక్షకం ఆ ఉపరితలాన్ని ఆక్రమిస్తే గడ్డ ఆలస్యమవుతుంది. ఫాస్ఫోలిపిడ్‌ను మరింత కలిపితే ఆలస్యం తగ్గుతుంది. ఆ తేడాయే రోగ నిర్ధారణ. ఇవాళ హ్యూస్టన్‌లోనో లండన్‌లోనో వరుసగా గర్భం నిలవని ఒక స్త్రీకి వైద్యుడు ఈ పరీక్ష రాస్తే, ఆ నాళికలో పడేది రసెల్ గ్రంథంలో కాటుక రేకుల పొడగా నమోదైన పాము విషమే.

ఇంకొక సంగతి. ఈ పత్రిక పాఠకులలో చాలామంది తల్లిదండ్రులు గుండె లయ తప్పినందుకో, కాలి సిరలో గడ్డకో రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి మాత్రలు వేసుకుంటూ ఉంటారు. 2011, 2012లలో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందులు అణచిపెట్టేది ఆ పదవ కారకాన్నే. అందుచేత ఈ మాత్రలు వేసుకుంటున్న వారికి పైన చెప్పిన పరీక్ష చేస్తే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. పరీక్షకు రక్తం ఇచ్చే ముందు మందుల జాబితా చెప్పడం మరువకూడదు.

ఒక గాజునాళిక, ఇరవై నిమిషాలు

ఇంతటి విజ్ఞానాన్ని ఇచ్చిన పాము తన సొంత నేల మీద ఇప్పటికీ మనుషులను చంపుతూనే ఉంది. 2011లో ప్రకటించిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం 2005లో భారతదేశంలో పాముకాటు మరణాలు దాదాపు 46,000. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 6,200. ఉత్తరప్రదేశ్ తరువాత అదే ఎక్కువ. చనిపోయినవారిలో అత్యధికులు గ్రామీణులు. వరిచేలో, పత్తిచేలో పనిచేసే చేతులూ కాళ్ళూ వారివి. పాముకాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది 2017లో మాత్రమే.

రక్తపింజర విషం ఒంట్లోకి ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. శుభ్రమైన, పొడి గాజు నాళికలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, వంచి చూడాలి. రక్తం ఇంకా ద్రవంగానే జారితే విషం పనిచేస్తున్నట్టే, విషవిరుగుడు మందు మొదలుపెట్టవలసిందే. ఇక్కడ హేగ్‌మన్ కథ తిరిగి అవసరమవుతుంది. గడ్డకట్టడాన్ని మొదలుపెట్టేది గాజు కాబట్టి ప్లాస్టిక్ నాళిక పనికిరాదు. సబ్బుపొడితో కడిగిన గాజూ నమ్మదగినది కాదు. అలాంటి నాళికలో ఆరోగ్యవంతుడి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు, అనవసరంగా మందు ఎక్కించవలసి రావచ్చు. పన్నెండవ కారకం గురించిన ఒక సూక్ష్మమైన సత్యం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నాళికను ఎలా కడగాలన్న ప్రశ్నగా మారుతుంది.

విరుగుడు మందు విషాన్ని పట్టుకోగలదు గాని, ఖర్చయిపోయిన ఫైబ్రినోజన్‌ను పుట్టించలేదు. ఆ పని కాలేయానిది, దానికి గంటలు పడుతుంది. అందుకే ఆరు గంటలకొకసారి నాళిక పరీక్షను మళ్ళీ చేస్తారు. మందు ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. బతికి బయటపడినా కొందరికి డయాలసిస్ తప్పదు. కాటు పడిన కాలికి తాడు బిగించి కట్టడం, కత్తితో గాటు పెట్టడం ఈ విషం విషయంలో మరీ హానికరం. గడ్డకట్టని రక్తానికి ప్రతి గాటూ ఒక కొత్త ద్వారమే. కాలు కదలకుండా ఉంచి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చడమే ప్రథమ చికిత్స.

2024లో భారత ప్రభుత్వం పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. రసెల్ తన ప్రశ్న వేసుకుని రెండు శతాబ్దాలు దాటింది. పదవ కారకాన్ని అణువు అణువుగా తెలుసుకున్నాం, దానిని అణచే మాత్రలు తయారుచేసుకున్నాం. సొంత ఊళ్ళలో బడులకూ ఆసుపత్రులకూ చేయూతనిస్తున్న ప్రవాస సంఘాలు అక్కడి ఆరోగ్య కేంద్రంలో ఈసారి మూడు సంగతులు అడిగి తెలుసుకోవచ్చు. విషవిరుగుడు మందు నిల్వ ఉందా? శుభ్రమైన గాజునాళికలు ఉన్నాయా? రాత్రివేళ వాటిని వాడగలిగినవారు ఉన్నారా?